పక్షుల ఫొటోలకు టెలిఫొటో లెన్స్: పాత సలహాలకూ కొత్త సలహాలకూ ఎందుకు పొసగడం లేదు

క్లుప్తంగా: పక్షుల ఫొటోలకు లెన్స్ కొనాలనుకునేవారి చెవిన పడే సలహాలు రెండు తరాల కెమెరాల నుంచి వచ్చినవి. ఎఫ్/5.6 దాటిన లెన్స్ (ఎఫ్ తర్వాతి అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుగు తక్కువ) దండగ అన్నది డీఎస్ఎల్ఆర్, అంటే లోపల అద్దం ఉండే పాత తరం కెమెరాల కాలపు మాట. ఆ అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల ఆటోఫోకస్, నాయిజ్ (చీకటి ఫొటోల్లో వచ్చే గరుకు చుక్కలు) తగ్గించే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ గీత చెరిగిపోయింది. లెన్స్ ఎంత వెలుగును లోపలికి తీసుకోగలదన్నది మాత్రం ఇప్పటికీ దాని ముందు అద్దం సైజును బట్టే ఉంటుంది. బరువు, ధర, చీకట్లో పనితనం అన్నీ అక్కడి నుంచే వస్తాయి. దూరం, వెలుగు, బరువు అనే మూడింట్లో తనకు ఏది ఎక్కువ అడ్డొస్తోందో తేల్చుకుంటే ఎంపిక సగం తేలిపోయినట్టే.

"400 చాలు." "600 కంటే తక్కువ కొంటే మళ్లీ కొనాల్సిందే." "జూమ్ వద్దు, ప్రైమే తీసుకో." "ఎఫ్/4 లేకపోతే తెల్లవారుజామున కెమెరా తీయనక్కర్లేదు." పక్షుల ఫొటోగ్రఫీ మొదలుపెట్టే ఎవరికైనా ఈ నాలుగు మాటలూ ఇంచుమించు ఒకేసారి వినిపిస్తాయి. (400, 600 అనేవి మిల్లీమీటర్లలో లెన్స్ ఫోకల్ లెంగ్త్; అది పెరిగేకొద్దీ దూరపు పక్షి పెద్దగా పడుతుంది. అది మారని లెన్స్ ప్రైమ్, మార్చుకోగలిగేది జూమ్.) చెప్పేవాళ్లంతా అనుభవం ఉన్నవాళ్లే, వాళ్లు చెప్పేదాంట్లో అబద్ధమూ లేదు. కాకపోతే ఒక్కో మాట ఒక్కో రకం కెమెరాతో, ఒక్కో రకం పక్షి ముందు నిజమైంది. చేతులు మారే కొద్దీ ఆ సందర్భం ఊడిపోయి మాట మాత్రం మిగిలింది.

పిట్ట ఫ్రేములో ఎంత పడుతుంది

కొత్తవాళ్లను ముందు ఆశ్చర్యపరిచేది ఈ లెక్కే. పిచ్చుక పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. అది 10 మీటర్ల దూరంలో కొమ్మ మీద పక్కకు తిరిగి కూర్చుంటే, 600 ఎంఎం లెన్స్ సెన్సర్ మీద వేసే బొమ్మ పొడవు 9 మిల్లీమీటర్లు. ఫుల్‌ఫ్రేమ్ అనే పెద్ద సైజు సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. అంటే అంత పెద్ద లెన్స్ పెట్టినా, అంత దగ్గర్లో ఉన్నా, పిచ్చుక ఫ్రేములో నాలుగో వంతే. 20 మీటర్లకు వెళితే ఎనిమిదో వంతు. 400 ఎంఎంతో 10 మీటర్ల నుంచి తీస్తే ఆరో వంతు.

సూత్రం సులువు: పక్షి పొడవును ఫోకల్ లెంగ్త్‌తో గుణించి దూరంతో భాగించాలి. దూరం సగానికి తగ్గించుకోవడమూ, లెన్స్ రెట్టింపు చేసుకోవడమూ ఒకటే. 600 ఎంఎంతో 15 మీటర్ల నుంచి తీసిన పిట్ట, 400 ఎంఎంతో 10 మీటర్ల నుంచి తీసిన పిట్ట ఒకే సైజులో పడతాయి. ఓపిగ్గా కూర్చుని 5 మీటర్లు దగ్గర కాగలిగినవారికి 400 చాలు అనిపించడం అందుకే. నీటి మధ్య దిబ్బ మీద దిగే పక్షులను ఒడ్డు నుంచి తీసేవారికి ఆ 5 మీటర్లు దొరకవు. గూడు కట్టుకున్న పక్షి దగ్గరికైతే అసలు వెళ్లకూడదు కూడా. ఇద్దరి సలహాలూ తేడాగా ఉండటంలో వింతేమీ లేదు.

పెద్ద కొంగలు, గద్దలు, బాతుల గుంపులు తీసేవారికి ఈ లెక్క వేరేగా వస్తుంది. మీటరు పొడవున్న కొంగ 600 ఎంఎంకు 10 మీటర్ల దగ్గర ఫ్రేములో పట్టనే పట్టదు. కాబట్టి "ఎంత లెన్స్ కావాలి" అని అడిగే ముందు "ఏ పక్షి, ఎంత దూరం" అని అడగాలి.

క్రాప్ సెన్సర్ చుట్టూ ఉన్న అపోహ

600 ఎంఎం లెన్స్‌ను 1.5 క్రాప్ బాడీకి (సెన్సర్ ఫుల్‌ఫ్రేమ్ కంటే ఒకటిన్నర రెట్లు చిన్నగా ఉండే కెమెరాకు) తగిలిస్తే 900 అవుతుందని చాలామంది అంటారు. లెన్స్ మారదు. సెన్సర్ మీద పడే పిచ్చుక బొమ్మ అప్పుడూ 9 మిల్లీమీటర్లే. చుట్టూ ఉన్న ఖాళీని సెన్సర్ కోసేస్తుంది, అంతే. మరి క్రాప్ బాడీతో తీసిన ఫొటోలో ఈకలు ఎక్కువ వివరంగా కనిపిస్తాయంటే కారణం పిక్సెళ్లు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయన్నదే.

24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ సుమారు 6 మైక్రాన్లు. ఆ 9 మిల్లీమీటర్ల పిచ్చుక పొడవునా అక్కడ దాదాపు 1500 పిక్సెళ్లు ఉంటాయి. 20 మెగాపిక్సెళ్ల క్రాప్ సెన్సర్‌లో పిక్సెల్ సుమారు 4.2 మైక్రాన్లు కాబట్టి 2100కు పైగా వస్తాయి. 45 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్‌లో కూడా పిక్సెల్ 4.3 మైక్రాన్ల దగ్గరే ఉంటుంది, అక్కడా దాదాపు అంతే. అంటే 45 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ ఉన్నవారికి "రీచ్" (దూరపు పక్షిని పెద్దగా పట్టే శక్తి) కోసం విడిగా 20 మెగాపిక్సెళ్ల క్రాప్ బాడీ కొనాల్సిన పని లేదు. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ వాడుతూ పిట్ట చిన్నగా పడుతోందని బాధపడేవారు మాత్రం లెన్స్ మార్చే ముందు బాడీ సంగతి ఆలోచించవచ్చు. కొన్నిసార్లు అదే చవగ్గా తేలుతుంది.

అసలు లెక్కంతా ముందు అద్దంలో

లెన్స్ మీద రాసి ఉండే రెండు అంకెల్లో దాగిన మూడో అంకె ఒకటుంది. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ నంబరుతో భాగిస్తే, వెలుగు లోపలికి వెళ్లే దారి ఎంత వెడల్పో తెలుస్తుంది. 600 ఎఫ్/4కు 150 మిల్లీమీటర్లు. 600 ఎఫ్/6.3కు 95. 500 ఎఫ్/5.6కు 89. 800 ఎఫ్/11కు 73. ముందు అద్దం కనీసం ఆ వెడల్పు ఉండి తీరాలి.

సిగ్మా 150-600 కాంటెంపరరీ, టామ్రాన్ 150-600, సోనీ 200-600, నికాన్ 180-600 లెన్సుల మూతలు తీసి చూస్తే నాలుగింటి మీదా ఫిల్టర్ సైజు 95 ఎంఎం అనే ఉంటుంది. నాలుగు కంపెనీలూ కూడబలుక్కుని పెట్టిన అంకె కాదది. 600ను 6.3తో భాగిస్తే వచ్చే సంఖ్య అదే మరి. ఈ నాలుగింటి బరువూ 2 కిలోలకు కాస్త అటూ ఇటూగా ఉండటం కూడా అందుకే. 150 మిల్లీమీటర్ల అద్దం పెట్టిన 600 ఎఫ్/4 లెన్సులు, ఎంత కొత్త డిజైన్ అయినా, 3 కిలోల దగ్గరే ఆగాయి. ధర అయితే బరువుకు తగ్గట్టు పెరగదు, అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అంత పెద్ద గాజును లోపం లేకుండా పోతపోసి, సానబట్టడం కష్టమైన పని. పైగా కొనేవాళ్లు తక్కువ.

వెలుగు విషయంలో 150కీ 95కీ ఉన్న తేడా విస్తీర్ణంలో సుమారు రెండున్నర రెట్లు. ఈ అంకె మళ్లీ వస్తుంది.

మరి నికాన్ 600 ఎఫ్/6.3 పీఎఫ్ లెన్స్ కిలోన్నర లోపే ఎలా ఉంది? అందులో ఫ్రెనెల్ పద్ధతి గాజు ఉంది. సన్నటి వలయాలు చెక్కిన ఆ పలక వెలుగును తక్కువ దూరంలోనే వంచి, రంగులు చెదరకుండా చూస్తుంది. దాంతో లెన్స్ పొట్టిదవుతుంది, లోపలి గాజు తగ్గుతుంది. ముందు అద్దం వెడల్పు మాత్రం అక్కడా 95కు తగ్గలేదు. పొడవును మోసం చేయవచ్చు కానీ వెడల్పును చేయలేరు. బదులుగా, ఎదురుగా గట్టి వెలుగు చుక్క ఉన్నప్పుడు కొంత ఫ్లేర్ (వెలుగు మరకలు) రావచ్చు. పక్షుల ఫొటోల్లో ఆ పరిస్థితి తరచుగా రాదు.

సెన్సర్ ఫుల్‌ఫ్రేమ్‌లో సుమారు సగం వెడల్పే ఉండే మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాల వాళ్ల 300 ఎఫ్/4 లెన్స్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. 600 ఎంఎంతో సమానమైన దృశ్యం చూపిస్తూ చేతిలో ఇమిడిపోతుంది. 300ను 4తో భాగిస్తే 75. చిన్న అద్దం కాబట్టి చిన్న లెన్స్. ఫుల్‌ఫ్రేమ్ మీద 600 ఎఫ్/8 ఎంత వెలుగు పోగుచేస్తుందో ఇదీ అంతే పోగుచేస్తుంది. పట్టపగలు తీసేవారికి మంచి బేరం, సందెచీకట్లో తీసేవారికి కాదు.

ఎఫ్/5.6 గీత ఎలా చెరిగింది

డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ చూసే సెన్సర్ వేరుగా, కెమెరా లోపలి అద్దం (మిర్రర్) కింద ఉండేది. లెన్స్ రెండు అంచుల నుంచి వచ్చే కిరణాలను పోల్చి ఫోకస్ ఎటు జరపాలో అది తేల్చేది. ఆ కిరణాలు ఎంత వెడల్పు నుంచి రావాలన్నది తయారీలోనే ఖరారైపోయేది. చాలా కెమెరాల్లో ఆ హద్దు ఎఫ్/5.6. ఖరీదైన బాడీల్లో కొన్ని పాయింట్లు ఎఫ్/8 దాకా పనిచేసేవి. 500 ఎఫ్/5.6కు 1.4 టెలికన్వర్టర్ (లెన్స్‌కూ బాడీకీ మధ్య పెట్టి ఫోకల్ లెంగ్త్‌ను అన్ని రెట్లు పెంచే పరికరం) తగిలిస్తే ఎఫ్/8 అవుతుంది కాబట్టి, మామూలు బాడీలో ఫోకస్ తడబడేది లేదా పూర్తిగా ఆగిపోయేది. ఎఫ్/5.6 దాటొద్దన్న సలహా పుట్టింది ఇక్కడే.

మిర్రర్‌లెస్‌లో ఫోకస్ చూసేది ఫొటో తీసే సెన్సరే. ఆ హద్దు చాలా దూరం జరిగిపోయింది. 2020లో కెనాన్ 600, 800 ఎంఎం లెన్సులను ఏకంగా ఎఫ్/11తో విడుదల చేసింది. డీఎస్ఎల్ఆర్ రోజుల్లో అలాంటి లెన్స్ తెస్తే నవ్వేవాళ్లు. ఆర్5, ఆర్6 బాడీలపై అవి ఫ్రేము మధ్య భాగంలోనే ఫోకస్ చేస్తాయి, నిజమే, అయినా చేస్తాయి. పక్షి కన్ను గుర్తుపట్టే ఆటోఫోకస్ అదే సమయంలో సాధారణమవుతూ వచ్చింది. నాయిజ్ తగ్గించే సాఫ్ట్‌వేర్లుగా 2020లోనే డీఎక్స్ఓ డీప్‌ప్రైమ్, 2023లో లైట్‌రూమ్ డీనాయిజ్ రావడంతో ఐఎస్ఓ (వెలుగు తక్కువైనప్పుడు పెంచే అంకె; దాంతో నాయిజ్ కూడా పెరుగుతుంది) 6400 ఫొటోలను చూసి భయపడటం తగ్గింది.

కంపెనీల లెన్సుల జాబితాలో ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. 2023లో నికాన్ నుంచి 180-600, 600 ఎఫ్/6.3 వచ్చాయి. అదే ఏడాది కెనాన్ 200-800ను తెచ్చింది. 800 దగ్గర దాని అపర్చర్ (వెలుగు లోపలికి వెళ్లే దారి) ఎఫ్/9. ఒకప్పుడు మధ్యతరగతి లెన్స్ అంటే 400 ఎఫ్/5.6. ఇప్పుడు ఆ స్థానం 600 ఎఫ్/6.3ది.

మారనిది వెలుగు

తెల్లవారాక మొదటి అరగంట. పక్షులు చురుగ్గా ఉండేది అప్పుడే, వెలుగు చాలనిదీ అప్పుడే. ఎగిరే పిట్టకు సెకనులో 2000వ వంతు షట్టర్ పెట్టామనుకుంటే, ఎఫ్/4 లెన్స్‌కు ఐఎస్ఓ 1600 చాలే చోట ఎఫ్/6.3కు 4000 కావాలి, ఎఫ్/11కు 12800 కావాలి. 1600కూ 4000కూ మధ్య ఉన్నది అద్దాల విస్తీర్ణంలో కనిపించిన రెండున్నర రెట్లే.

1600, 4000 మధ్య తేడాను నేటి సాఫ్ట్‌వేర్ చాలావరకు పూడుస్తుంది. 12800 దగ్గర మాత్రం తడబడుతుంది. పిట్ట ఛాతీ మీది సన్నటి ఈకల గీతలు నాయిజ్‌లో కలిసిపోయాక, ఏది ఈకో ఏది నాయిజో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. మైనం పూసినట్టు నున్నగా చేసేస్తుంది, లేదంటే లేని ఈకలు కల్పిస్తుంది. పక్షి ఏ జాతిదో గుర్తుపట్టడానికి తీసిన ఫొటోలో ఈ రెండోది మొదటిదానికంటే ప్రమాదం.

షట్టర్ స్పీడు తగ్గించి సర్దుకోవచ్చు కదా అనే ప్రశ్న వస్తుంది. కొమ్మ మీద కదలకుండా ఉన్న పిట్టకు తగ్గించవచ్చు. మంచి స్టెబిలైజేషన్ ఉంటే 200వ వంతుకూ అంతకంటే కిందికీ దిగవచ్చు. ఎగిరే పక్షికి అది కుదరదు. సెకనుకు 10 మీటర్ల వేగంతో 20 మీటర్ల దూరంలో అడ్డంగా వెళ్లే పక్షి, 600 ఎంఎం ఫ్రేమును ఈ కొస నుంచి ఆ కొసకు సెకనులో ఎనిమిదో వంతులో దాటేస్తుంది. కెమెరాను దానితో పాటే తిప్పుతూ ఒంటిని నిలబెట్టవచ్చు, కానీ పైకీ కిందికీ కొట్టుకునే రెక్క నిలవదు. స్టెబిలైజేషన్ ఆపేది మన చేతి వణుకును, పక్షి రెక్కను కాదు. లెన్స్ ప్రకటనల్లో "ఇన్ని స్టాపుల స్టెబిలైజేషన్" అని పెద్ద అక్షరాలతో కనిపించినప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

అలాగని ఎఫ్/4 ఎప్పుడూ గెలవదు. 600 ఎంఎంతో 10 మీటర్ల దగ్గర, ఎఫ్/6.3 వద్ద స్పష్టంగా ఉండే లోతు సుమారు 10 సెంటీమీటర్లు. ఎఫ్/4 వద్ద 7 లోపే. ముక్కు మనవైపు పెట్టి కూర్చున్న లకుముకి పిట్టకు కన్ను షార్ప్‌గా ఉంటే తోక మసకబారుతుంది. దగ్గరి పిట్టలకు ఎఫ్/4 లెన్స్ ఉన్నవారు కూడా ఎఫ్/7.1కో ఎఫ్/8కో దిగుతారు. అంటే పగటి వెలుగులో దగ్గరి చిన్న పిట్టలు తీసేవారు, ఎక్కువసేపు వాడని అపర్చర్ కోసం కిలోకు పైగా అదనపు బరువు మోస్తున్నట్టే. వెనక దృశ్యం మెత్తగా కరిగిపోవాలన్న కోరిక ఉంటే, రెండడుగులు పక్కకు జరిగి పిట్ట వెనక పొద బదులు దూరపు చెట్లు వచ్చేలా చూసుకోవడం ఎఫ్/6.3 నుంచి ఎఫ్/4కు మారడం కంటే ఎక్కువ ఫలితమిస్తుంది. దట్టమైన అడవి, మబ్బు, సంధ్యవేళ, గుడ్లగూబలు: ఎఫ్/4 తన ధరకు న్యాయం చేసేది ఇక్కడ.

ప్రైమా, జూమా

600 ఎంఎం ఫ్రేములో అడ్డంగా కనిపించేది మూడున్నర డిగ్రీల లోపే. ఆకుల మధ్య దూకే చిన్న పిట్టను అందులోంచి వెతకడమంటే సన్నటి గొట్టంలోంచి చూస్తూ వెతకడమే. 200 దగ్గర అదే దృశ్యం 10 డిగ్రీలు ఉంటుంది. 200లో పట్టుకుని 600కు లాగే వీలు జూమ్ ఇచ్చే అసలైన లాభం. కొత్తవాళ్లకు దీని విలువ షార్ప్‌నెస్ చార్టుల్లో కనిపించదు.

ప్రైమ్ లెన్సులు అపర్చర్ పూర్తిగా తెరిచినా షార్ప్‌గా ఉంటాయి, వాటి ఫోకస్ మోటార్లు సాధారణంగా వేగంగా ఉంటాయి, టెలికన్వర్టర్‌ను బాగా తట్టుకుంటాయి. తేడా ఉంది, కానీ పదేళ్ల కిందట ఉన్నంత లేదు. జూముల్లోనూ రెండు రకాలు. సోనీ 200-600, నికాన్ 180-600 జూమ్ చేసినా పొడవు మారవు కాబట్టి చేతిలో తూకం చెదరదు. సిగ్మా 150-600, కెనాన్ 100-500, 200-800 ముందుకు సాగుతాయి. సంచిలో పొట్టిగా పడతాయి, చేతిలో బరువు ముందుకు వాలుతుంది. సీతాకోకచిలుకలు, తూనీగలు కూడా తీసేవారికైతే కెనాన్ 100-500 లాంటివి అక్కరకొస్తాయి, అవి చాలా దగ్గరికి ఫోకస్ చేస్తాయి. 800 ఎఫ్/11 లెన్స్ 6 మీటర్ల లోపల ఫోకస్ చేయదు. పెరటి పక్షులు తీసేవారు కొన్న తర్వాత నాలుక కరుచుకునేది ఈ అంకె చూసుకోకే.

టెలికన్వర్టర్, వేడి గాలి

1.4 కన్వర్టర్ ఒక స్టాపు వెలుగు, అంటే సగం, తింటుంది, 2 రెట్ల కన్వర్టర్ రెండు స్టాపులు. 600 ఎఫ్/6.3 కాస్తా 840 ఎఫ్/9 అవుతుంది. లెన్స్ లోపాలనూ అంతే పెద్దవి చేసి చూపిస్తుంది. ఎఫ్/2.8, ఎఫ్/4 ప్రైముల మీద ఇది సహజంగా కుదురుతుంది. ఎఫ్/6.3 జూమ్ మీద గట్టి ఎండలో తప్ప మెప్పించదు. చాలాసార్లు కన్వర్టర్ లేకుండా తీసి క్రాప్ చేసిన ఫొటోకూ దానికీ పెద్ద తేడా ఉండదు.

ఎండలో ఇంకో అడ్డంకి ఉంది. వేడెక్కిన నేల మీద గాలి పొరలు కదులుతూ వెలుగును వంచుతాయి. మధ్యాహ్నం 50 మీటర్ల అవతలి పక్షి ఫొటో మెత్తగా, అలలు తేలినట్టు వస్తే లెన్స్ తప్పు కాదు. ఎంత ఖరీదైన 800 అయినా ఆ గాలిలోంచే చూడాలి. ఫోకల్ లెంగ్త్ పెంచితే అలలు కూడా పెద్దవవుతాయి. కొత్త లెన్స్ పరీక్షించేవాళ్లు మధ్యాహ్నం దూరపు టవర్ మీది గద్దను తీసి "షార్ప్‌గా లేదు" అని వెనక్కిచ్చేసే సందర్భాల్లో దీని వాటా ఎంతో ఉంటుంది. పరీక్షకు ఉదయం పూట, 10 మీటర్ల లోపు దూరమే సరైనది.

చేతికి ఎంత, భుజానికి ఎంత

రెండు కిలోల లెన్స్, దానికి తోడు బాడీ. ఐదు నిమిషాలు ఎత్తి పట్టుకోవడం ఎవరికైనా వచ్చు. పిట్ట ఎగిరే క్షణం కోసం ఎత్తిన చేయి దించకుండా ఎదురుచూడటం వేరు. నడుస్తూ తీసేవారికి కిలోన్నర, రెండు కిలోల మధ్య తేడా స్పెసిఫికేషన్ షీట్‌లో కనిపించేదానికంటే చాలా ఎక్కువ. హైడ్‌లో (పక్షులకు కనపడకుండా దాక్కునే మాటులో) కూర్చుని తీసేవారికి మూడు కిలోలైనా పర్వాలేదు, గింబల్ హెడ్ (బరువైన లెన్స్‌ను తూకం చెదరకుండా తిప్పనిచ్చే పరికరం) ఉన్న ట్రైపాడ్ ఆ బరువు మోస్తుంది. ఒంటికాలి స్టాండైన మోనోపాడ్ ఈ రెంటికీ మధ్యే మార్గం.

మౌంట్ విధించే హద్దులు

లెన్స్ ఎంపికలో సగం కెమెరా కొన్న రోజే అయిపోతుంది, ఎందుకంటే లెన్స్‌ను బాడీకి బిగించే మౌంట్ ఒక్కో రకం కెమెరాకు ఒక్కోలా ఉంటుంది. సోనీ వారి 'ఈ' (E) మౌంట్‌లో సిగ్మా, టామ్రాన్ లెన్సులు దొరుకుతాయి, కానీ సొంత లెన్సులు కాకపోతే సెకనుకు 15 ఫ్రేములకు మించి ఇవ్వదు. సిగ్మా 500 ఎఫ్/5.6కు టెలికన్వర్టర్ 'ఎల్' (L) అనే మరో మౌంట్‌లోనే ఉంది. కెనాన్ తన ఆర్ఎఫ్ మౌంట్‌ను ఇతర కంపెనీల ఆటోఫోకస్ లెన్సులకు చాలాకాలం మూసే ఉంచింది. 2024లో తలుపు తీసింది కూడా క్రాప్ సెన్సర్ లెన్సులకే. అందుకే ఒకే బడ్జెట్‌లో ఒక మౌంట్ వాడేవారికి నాలుగు దారులుంటే, ఇంకొకరికి ఒకటే ఉండవచ్చు. ఇలాంటి చోట పక్కవారి సలహా ఎంత మంచిదైనా ఉపయోగపడదు.

డీఎస్ఎల్ఆర్ లెన్సులను చాలామంది వదిలించుకుంటుండటంతో సెకండ్ హ్యాండ్ మార్కెట్ ఆకర్షణీయంగా మారింది. కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో ఆర్ఎఫ్ బాడీల మీద బాగా పనిచేస్తాయి. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో మోటారు ఉన్న ఏఎఫ్-ఎస్ లెన్సులకు ఆటోఫోకస్ ఉంటుంది. బాడీలోని మోటారు మీద ఆధారపడే పాత ఏఎఫ్-డీ లెన్సులకు ఉండదు, చేత్తో తిప్పుకోవాల్సిందే. కొనే ముందు టార్చి వేసి అద్దాల మధ్య సాలెగూడులా ఫంగస్ ఉందేమో చూడాలి. అపర్చర్ పూర్తిగా తెరిచి, జూమ్ చివరి కొసన పెట్టి, ఆకుల ఈనెల వంటి సన్నటి వివరాలున్న దాన్ని తీసి నాలుగు మూలలూ సమానంగా వచ్చాయో లేదో పోల్చాలి. ఫోకస్ మోటారు దగ్గరి నుంచి అనంతం దాకా ఒకే ఊపులో, చప్పుడు లేకుండా వెళ్తోందో లేదో వినాలి. ఆ మోడల్‌కు కంపెనీ ఇంకా విడిభాగాలు ఇస్తోందా అన్నది డబ్బులు చేతులు మారక ముందే సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి కనుక్కోవాలి. పాత 500, 600 ఎఫ్/4 లెన్సుల మోటారు పాడై, దాని విడిభాగాలు దొరక్కపోతే అంత పెద్ద గాజూ మాన్యువల్ ఫోకస్ లెన్స్‌గానే మిగిలిపోతుంది.